చవక గేమ్ కీలు కొనచ్చా? అనంతపురంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో పీసీలు అసెంబుల్ చేసి ఇచ్చే పని మాది. పార్టులు బెంగళూరు ఎస్పీ రోడ్ నుంచి తెచ్చుకుంటే రెండు వేలు మిగుల్తుందని లెక్కలేసి చెప్పే పిల్లలు, గేమ్ దగ్గరికొచ్చేసరికి ఎవరో తెలీని సైట్లో కళ్లు మూసుకుని డబ్బు కడతారు. పీసీ ఇంటికి చేరిన వారంలోపే ఫోనొస్తుంది: "అన్నా, ఈ సైట్లో సగం ధరకే ఉంది, కొనచ్చా?" ప్రతి ఒక్కరికీ ఫోన్లో మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాం.

అసలు కీ అంటే ఏంది?

స్టీమ్ అంటే పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం, కొన్న గేములన్నీ అందులో మన అకౌంట్ లైబ్రరీలో ఉంటాయి. స్టీమ్ కీ అంటే ఐదేసి అక్షరాలు, అంకెలు కలిసిన మూడు గుంపులు, మధ్యలో గీతలు. స్టీమ్‌లో గేమ్స్ మెనూ తెరిచి 'యాక్టివేట్ ఎ ప్రోడక్ట్ ఆన్ స్టీమ్' అని ఉన్నచోట కొడితే గేమ్ మన లైబ్రరీలోకి వస్తుంది. అంతే పని. ఒక్కసారి వాడితే ఆ కీ అయిపోయినట్టే, ఇంకొకరికి పనికిరాదు.

ఈ కీలను గేమ్ చేసినవాళ్లే స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీని అడిగి తీసుకుంటారు. వాల్వ్ వాటికి డబ్బు తీసుకోదు, బయట అమ్ముకుంటే వాటా కూడా అడగదు. ఆ కీలను హంబుల్, ఫెనాటికల్, గ్రీన్ మ్యాన్ గేమింగ్ లాంటి దుకాణాలకు ఒప్పందం మీద ఇస్తారు. వీటిని ఆథరైజ్డ్ దుకాణాలంటాం. కాబట్టి స్టీమ్ బయట కొన్న కీ అంటే దొంగ కీ అని భయపడాల్సిన పని లేదు. ఆ కీ ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నదే చూసుకోవాలి.

మరి గ్రే మార్కెట్ అంటే?

గేమ్ కంపెనీతో ఏ ఒప్పందమూ లేకుండా కీలు చేతులు మారే చోటు. జీటూఏ, కింగ్విన్, ఎనీబా, గామివో లాంటివి ఎక్కువగా ఈ రకం. వీటిలో చాలావరకు సైటు వేరు, అమ్మేవాడు వేరు. సైటు సంత లాంటి జాగా ఇచ్చి కమిషన్ తీసుకుంటుంది. లోపల కొట్టు పెట్టుకున్నవాడు ఏ దేశంలో ఉన్నాడో, ఆ కీలు వాడికెలా వచ్చాయో పేజీలో ఎక్కడా ఉండదు. పక్కన నక్షత్రాలు, 'ఇన్ని లక్షల అమ్మకాలు' అని మాత్రం ఉంటాయి.

అక్కడున్నదంతా దొంగ సరుకు అంటే అబద్ధమవుతుంది. ఎక్కువ కీలు పనిచేస్తాయి. ఇబ్బంది ఏమిటంటే మంచి కీ, చెడ్డ కీ ఒకే ధరకు ఒకే వరుసలో ఉంటాయి, వేరు చేసే గుర్తు కొనేవాడికి దొరకదు.

అంత చవగ్గా ఎట్ల ఇస్తారన్నా? వాళ్లకేం లాభం?

దీనికి ఒకే జవాబు లేదు. కొన్ని కీలు డిస్కౌంట్ సేల్‌లో హోల్‌సేల్‌గా కొని దాచిపెట్టినవి. కొన్ని బండిల్ కీలు: పది గేములు కలిపి తక్కువకు అమ్మితే కొని, విడదీసి ఒక్కొక్కటీ అమ్ముతారు. కొన్ని యూరప్ దుకాణాల్లో డబ్బా కొని, లోపలి కాగితాన్ని ఫోటో తీసి పంపేవి. ఇంకొన్ని, గేమ్ చూసి నాలుగు మాటలు చెప్పమని యూట్యూబర్లకూ పత్రికలకూ ఉచితంగా ఇచ్చినవి. నేను ఫలానా ఛానెల్ వాడినని దొంగ ఈమెయిల్ పెట్టి వందల కొద్దీ కీలు రాబట్టే బ్యాచ్‌లున్నాయి. ఇది ముదిరాకే వాల్వ్ 2017లో క్యూరేటర్ కనెక్ట్ అనే పద్ధతి తెచ్చింది. అందులో కీ అన్నదే ఉండదు, గేమ్ నేరుగా సమీక్షకుడి అకౌంట్‌లోకి పోతుంది, అమ్ముకోవడానికి చేతికి ఏమీ రాదు.

చివరిది, అన్నిటికంటే పాడుది: దొంగిలించిన క్రెడిట్ కార్డులతో కొన్నవి. ఇది ఎలా నడుస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది 'పోతే పెద్ద కంపెనీకేగా' అనుకుంటారు. దొంగ ఎవరిదో కార్డుతో ఒక చిన్న స్టూడియో సొంత సైట్లో యాభై కీలు కొంటాడు. నిమిషాల్లో వాటిని గ్రే సైట్లో సగం ధరకు పెడతాడు. వాడికి ఎంతొచ్చినా లాభమే, పెట్టుబడి వాడిది కాదు కదా. నెల తిరిగాక కార్డు అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసి బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు ఆ డబ్బు స్టూడియో దగ్గర వెనక్కి లాక్కుంటుంది, పైగా ఒక్కో ఫిర్యాదుకు ఇంత అని జరిమానా వేస్తుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. స్టూడియోకు గేమ్ పోయింది, డబ్బు పోయింది, ఎదురు జరిమానా. ఆ కీని సగం ధరకు కొన్న కుర్రాడు మాత్రం 'డీల్ దొరికింది' అని ఫ్రెండ్స్‌కు లింక్ పంపుతుంటాడు.

ఇది ఊహించి చెప్పేది కాదు. 2016లో టైనీబిల్డ్ అనే ప్రచురణకర్త తన గేములు జీటూఏలో భారీగా అమ్ముడయ్యాయని, దుకాణ ధరలో లెక్కేస్తే 4,50,000 డాలర్ల సరుకని బయటపెట్టాడు. తన సొంత స్టోర్‌కు వేల చార్జ్‌బ్యాకులు వచ్చాయని కూడా చెప్పాడు. జీటూఏ ఒప్పుకోలేదు. 2019లో నో మోర్ రోబోట్స్ అనే గేమ్ ప్రచురణ సంస్థ నడిపే మైక్ రోజ్ మరో అడుగు ముందుకేసి, ఆ సైట్లో కొనేకంటే మా గేమ్‌ని పైరసీ చేసుకోండి, నయం అన్నాడు. గేమ్ అమ్ముకుని బతికేవాడి నోట ఆ మాట వచ్చిందంటే ఆ పైసల్లో వాళ్లకు ఎంత ముడుతోందో తెలుస్తూనే ఉంది.

అదే ఏడాది జీటూఏ ఒక సవాలు విసిరింది: దొంగ కీలు మా దగ్గర అమ్ముడయ్యాయని ఆడిట్‌లో తేలితే, చార్జ్‌బ్యాకుల్లో పోయినదానికి పదింతలు ఇస్తాం అని. ఫ్యాక్టోరియో చేసిన చెక్ కంపెనీ వూబే ముందుకొచ్చింది. లెక్కలు చూస్తే 2016 నాటి 198 కీలు దొంగవని తేలాయి. 2020 మేలో జీటూఏ 39,600 డాలర్లు కట్టింది. ఇక్కడ ఒక చిన్న కిటుకు: ఫ్యాక్టోరియో ఎప్పుడూ డిస్కౌంట్‌కు రాని గేమ్, అది వాళ్ల పాలసీ. అలాంటిది ఎక్కడైనా సగం ధరకు కనిపిస్తే, సేల్‌లో కొని దాచానని అమ్మేవాడు చెప్పలేడు.

అవన్నీ పక్కన పెట్టు. నాకు మిగిలేదెంత?

మన ఊరి పిల్లలు అసలు గమనించని సంగతి ఇదే.

గ్రే మార్కెట్ బతికేది దేశానికో ధర ఉండడం మీద. ఒకే గేమ్ అమెరికాలో 60 డాలర్లు, ఇంకో దేశంలో 20 డాలర్లకు సమానమైన ధర. తక్కువ ఉన్నచోట కొని ఎక్కువ ఉన్నచోట అమ్మడమే ఆ వ్యాపారం. ఆ సైట్లలో 'అరవై శాతం తగ్గింపు' అని కనిపించేది చాలాసార్లు అమెరికా, యూరప్ ధర మీద లెక్కేసినది. స్టీమ్ 2015 నవంబరు నుంచి మనకు రూపాయల్లోనే అమ్ముతోంది, చాలా గేములకు మన ధర అమెరికా ధర కంటే బాగా తక్కువ. సైబర్‌పంక్ 2077 అక్కడ 60 డాలర్లకు వస్తే ఇక్కడ 2,999 రూపాయలకు పెట్టారు. అంటే మనం ఆ వ్యాపారంలో చవక దేశం వైపు ఉన్నాం. జర్మనీ కుర్రాడికి లాభమైన బేరం మనకు లాభం కావాలని ఏమీ లేదు. కొన్నిసార్లు గ్రే ధర స్టీమ్ రూపాయి ధర కంటే ఎక్కువే ఉంటుంది, ఆ పక్కనున్న ఎర్ర రంగు శాతం చూసి జనం మోసపోతారు.

ఇంకా చవగ్గా ఉన్న దేశాలు ఉండేవి, అర్జెంటీనా, టర్కీ. 2023 నవంబరులో స్టీమ్ ఆ రెండు దేశాల్లో స్థానిక కరెన్సీ తీసేసి డాలర్ ధరలు పెట్టింది. బయటివాళ్లు అక్కడివాళ్లుగా నటించి కొనడం ఎక్కువైనందువల్ల కూడా అక్కడి ధరలు పాడయ్యాయి. మనకూ అట్లా కాకుండా ఉంటే అంతే చాలు.

మొదట కనబడే ధర కట్టే ధర కాదన్నది ఇంకోటి. చివరి పేజీలో సర్వీస్ ఫీజు కలుస్తుంది. కార్డుతో విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు మార్కప్ సాధారణంగా 2 నుంచి 3.5 శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. పదిహేను వందలు కడితే 3.5 శాతం అంటే 52 రూపాయల 50 పైసలు, దాని మీద జీఎస్టీ 9 రూపాయల 45 పైసలు, అంటే దాదాపు 62 రూపాయలు ఊరికే పోయినట్టు. సైటు ఫీజు దీనికి అదనం. స్టీమ్‌లో యూపీఐతో కడితే ఈ గోలేమీ ఉండదు. కొన్ని సైట్లు 'సభ్యులకు మాత్రమే' అని ఒక ధర చూపిస్తాయి. దానికి టిక్ పడిందంటే నెలనెలా డబ్బు కట్టే సభ్యత్వంలో చేరినట్టే, రద్దు చేసే బటన్ వెతకడం ఒక పెద్ద పని.

లెక్కంతా వేశాక రెండు మూడు వందలు మిగిలితే, దానికోసం ఈ తంతు నేను చేయను. వెయ్యి, పదిహేను వందలు నిజంగా మిగిలే గేములు కూడా ఉంటాయి, ముఖ్యంగా మన దేశానికి తగ్గట్టు ధర పెట్టని కంపెనీలవి. అక్కడ మీ ఇష్టం, కింద చెప్పినవి చూసుకుని అడుగేయండి.

ఒకే గేమ్ 2,000కూ ఉంది, 180కీ ఉంది. 180ది ఎందుకు తీసుకోకూడదు?

ఆ 180ది కీ కాదు కాబట్టి. గేమ్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. 'స్టీమ్ కీ' అంటే పైన చెప్పినది. 'స్టీమ్ గిఫ్ట్' అంటే ఎవరో మిమ్మల్ని ఫ్రెండ్‌గా చేర్చుకుని గిఫ్ట్‌గా పంపుతారు. దేశాల మధ్య ధర తేడా ఎక్కువుంటే స్టీమే ఆపేస్తుంది. 'స్టీమ్ అకౌంట్' అంటే గేమ్ ఉన్న వేరేవాడి అకౌంట్ పాస్‌వర్డ్ మీకిస్తారు. గేమ్ మీ లైబ్రరీలోకి రాదు. అకౌంట్ అమ్మడం, కొనడం రెండూ స్టీమ్ ఒప్పందానికి విరుద్ధం. అసలు యజమాని పాత ఈమెయిల్ చూపించి ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు. 'ఎక్స్‌బాక్స్ కీ' అని ఉంటే అది స్టీమ్‌లో పడదు. మా దగ్గరికి ఏడుపు ముఖంతో వచ్చే ఎక్కువమంది కీ పనిచేయక వచ్చినవాళ్లు కాదు, కీ అనుకుని అకౌంట్ కొన్నవాళ్లు.

ఇన్‌స్టాలో ఒకాయన 150 రూపాయలకు ఏ గేమైనా ఇస్తున్నాడు, మా హాస్టల్లో అందరూ తీసుకున్నారు.

జేఎన్‌టీయూ వైపు హాస్టళ్లలో ఇప్పుడు నడుస్తున్నది ఇదే. దీన్ని 'ఆఫ్‌లైన్ యాక్టివేషన్' అంటారు. పద్ధతి ఇది: యూపీఐలో డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెడితే వాట్సాప్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి. లాగిన్ అవుతుంటే స్టీమ్ గార్డ్ కోడ్ అడుగుతుంది, అది కూడా వాడే పంపుతాడు. గేమ్ దిగాక ఒకసారి తెరిచి, వెంటనే ఆఫ్‌లైన్ మోడ్‌లోకి పొమ్మంటాడు, ఇంక ఎప్పుడూ ఆన్‌లైన్‌కు రావద్దంటాడు. అదే అకౌంట్ ఇంకా ఎంతమందికి అమ్మాడో వాడికే తెలియాలి.

దీనిలో ఒక చిక్కు డెనువో అనే తాళం. పెద్ద గేములు చాలావాటిలో ఇది ఉంటుంది. ఒక అకౌంట్ నుంచి 24 గంటల్లో ఐదు మెషీన్ల మీద మాత్రమే ఆ గేమ్ తెరుచుకుంటుంది. ఆరో వాడికి తెరమీద ఎర్రర్. అందుకే 'బ్రో, స్లాట్ లేదు, రేపు రాత్రి రా' అని అమ్మేవాడు సాగదీస్తుంటాడు. విండోస్ మళ్లీ వేసినా, గేమ్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినా మళ్లీ వాడి గడప తొక్కాల్సిందే, అప్పటికి ఆ పేజీ ఉంటే. ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ ఆడటం కుదరదు, సేవ్‌లు క్లౌడ్‌లోకి పోవు.

ఇంకొక రకం దీనికంటే ప్రమాదం. కీ అని ఏదో ఇచ్చి, 'యాంటీవైరస్ ఆపు, పవర్‌షెల్ తెరువు, ఈ లైన్ పేస్ట్ చెయ్, ఎంటర్ కొట్టు' అంటారు. పవర్‌షెల్ అంటే విండోస్‌కు నేరుగా ఆదేశాలు టైప్ చేసి ఇచ్చే చోటు. గేమ్ నిజంగానే లైబ్రరీలో కనిపిస్తుంది, అందుకే జనం నమ్ముతారు. ఆ లైన్ మీ స్టీమ్ ఫోల్డర్లో ఏవేవో ఫైళ్లు పడేసి స్టీమ్‌ని ఏమారుస్తుంది. దానితోపాటు ఇంకేం దించిందో మీకు కనబడదు. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, బ్యాంకు లాగిన్ అదే మెషీన్లో ఉంటాయి. నిజమైన కీకి యాక్టివేషన్ బాక్స్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. పవర్‌షెల్ అన్న మాట వినపడగానే చాట్ మూసేయండి.

'గ్లోబల్' అని రాసుంటే మనకు పనిచేస్తుందా?

సాధారణంగా పనిచేస్తుంది. కానీ పేరులో గ్లోబల్ అని ఉండి, కింద పనిచేయని దేశాల జాబితాలో ఇండియా ఉన్న పేజీలు కూడా ఉంటాయి. ఆ జాబితా తెరిచి చూడాలి. యూరప్, లాటిన్ అమెరికా అని ఉన్నవి మనకు కావు. కొన్ని కీలు యాక్టివేట్ కూడా కావు, మరికొన్ని యాక్టివేట్ అయ్యాక ఆ దేశం బయట తెరుచుకోవు.

యూరప్‌లో ఈ తాళాల మీద కేసే నడిచింది. 2021 జనవరిలో యూరోపియన్ కమిషన్ వాల్వ్‌కూ, ఇంకో ఐదుగురు ప్రచురణకర్తలకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది, యూరప్ దేశాల మధ్య కీలు పనిచేయకుండా ఆపినందుకు. అది వాళ్లలో వాళ్లకు. మనకు అందులో ఏ హక్కూ రాదు.

వీపీఎన్ పెట్టుకుని యాక్టివేట్ చేస్తే?

వద్దు. ఉన్న ఊరు దాచిపెట్టి కొనడం, యాక్టివేట్ చేయడం స్టీమ్ ఒప్పందంలో సూటిగా నిషేధం. రెండు వందల కోసం, ఏళ్లుగా కొన్న గేములన్నీ ఉన్న అకౌంట్‌ని పణంగా పెట్టడం తెలివి కాదు. బెంగళూరు పోయి కొంటే వేరే ధర ఉంటుందా అని ఒకరిద్దరు అడిగారు. ఉండదు, దేశమంతా ఒకటే ధర.

కీ కొట్టాను, ఎర్రర్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఎర్రర్ ఏం చెబుతోందో ముందు చదవండి. డూప్లికేట్ అని ఉంటే ఆ కీని ఎవరో వాడేశారు. ఇన్‌వాలిడ్ అని ఉంటే టైపింగ్‌లో పొరపాటు కావచ్చు, సున్నా, ఓ అక్షరం తారుమారు అవుతుంటాయి, కాపీ చేసి పేస్ట్ చేయండి. మీ ప్రాంతంలో దొరకదు అంటే దేశం తాళం. చాలా ఎక్కువసార్లు ప్రయత్నించారు అంటే గంటసేపు వదిలేసి తర్వాత చూడండి, గాభరాపడి పదిసార్లు కొట్టడం వల్లే అది వస్తుంది.

డూప్లికేట్ అయితే సైటులో టికెట్ పెట్టాలి. కీ మీద మసక తెర తీసేలోపు రద్దు చేసుకోవచ్చు, ఒకసారి 'కీ చూపించు' నొక్కాక చాలా సైట్లలో డబ్బు వాపసు లేదు, కీ చెడ్డదని నిరూపించాలి. అందుకే మావాళ్లకు చెప్పేది: కీ తెరిచే ముందే ఫోన్‌తోనో, కంప్యూటర్లోనో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేయండి. సైటు పేజీ, ఆర్డర్ నంబరు, కీ తెరుచుకోవడం, స్టీమ్‌లో పేస్ట్ చేయడం, ఎర్రర్ రావడం అంతా ఒకే వీడియోలో తెగకుండా ఉండాలి. ముక్కలు ముక్కలు స్క్రీన్‌షాట్లు పంపితే, నువ్వే ఇంకో అకౌంట్లో వాడేసుకున్నావేమో అంటాడు అమ్మేవాడు. వాడి అనుమానం కూడా పూర్తిగా తప్పు కాదు, అట్లా చేసేవాళ్లూ ఉన్నారు.

స్టీమ్‌ని రీఫండ్ అడగలేమా?

లేదు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి స్టీమ్‌లో కొన్నవాటికే. బయట కొన్న కీకి స్టీమ్ బాధ్యత లేదు. గేమ్ మీ పీసీలో నత్తనడక నడిచిందనుకోండి, స్టీమ్‌లో కొనుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ఒక్క సౌకర్యమే ఆ రెండు వందల తేడా కంటే విలువైనది.

యాక్టివేట్ అయి నెల నుంచి ఆడుతున్నా. ఇంక భయం లేదు కదా?

చాలావరకు లేదు. పూర్తిగా లేదని మాత్రం అనలేం. 2015 జనవరిలో ఫార్ క్రై 4 ఆడుతున్న చాలామంది లైబ్రరీల్లోంచి గేమ్ మాయమైంది. ఆ కీలు ఈఏ వాళ్ల ఆరిజిన్ స్టోర్‌లో దొంగ కార్డులతో కొని, గ్రే సైట్లలో అమ్మినవని ఆ గేమ్ కంపెనీ యూబిసాఫ్ట్ చెప్పింది. గోల పెద్దదై, అప్పటికే ఆడటం మొదలుపెట్టినవాళ్లకు తిరిగిచ్చారు. ఇవ్వకపోయి ఉంటే అడిగే దారి లేదు.

ఆర్సీ లేని బండి లాంటిది ఇది. రోడ్డు మీద బాగానే పోతుంది, ఎవరైనా ఆపినప్పుడే ఇబ్బంది. అలాంటి రోజున సైటు అమ్మేవాడి మీదికి, అమ్మేవాడు గేమ్ కంపెనీ మీదికి, గేమ్ కంపెనీ మళ్లీ సైటు మీదికి తోస్తారు. కొనేముందు నేను చూసేది కూడా అదే: చెడితే జవాబు చెప్పేవాడు ఎవరు? పేరూ, అడ్రసూ లేనివాడే అయితే ధర ఎంత తక్కువైనా ఎక్కువే.

కీలతోనే లైబ్రరీ నింపాను. స్టీమ్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపలేకపోతున్నా, ఎందుకు?

అకౌంట్ 'లిమిటెడ్'లో ఉంది. స్టీమ్‌లోనే కనీసం 5 డాలర్ల విలువ ఖర్చు పెడితే గాని అది తొలగదు, బయటి కీలు ఎన్ని కొట్టినా లెక్కలోకి రావు. వాలెట్‌లో ఆ మేరకు రూపాయలు వేసుకుంటే సరి. ఇంకో సంగతి, 2016 నుంచి కీతో తెచ్చుకున్న గేమ్‌కు మీరు రివ్యూ రాసినా, ఆ గేమ్ స్కోరులో అది కలవదు. తిట్టుకున్నా మెచ్చుకున్నా మీ సంతోషానికే.

ఇది చట్టవిరుద్ధమా? ఆన్‌లైన్ గేములు నిషేధించారంట కదా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల్ని. మన రాష్ట్రంలో అలాంటి వాటి మీద 2020 నుంచే నిషేధం ఉంది. పీసీ గేమ్ ధర కట్టి కొనుక్కుని ఆడటం దానికిందికి రాదు.

గ్రే మార్కెట్లో కీ కొనడమే నేరం అనే చట్టం మన దగ్గర లేదు. దొంగ సొత్తు అని తెలిసీ కొంటే మాత్రం అది వేరే కథ, అది ఏ వస్తువుకైనా వర్తించేదే. పిల్లవాడు కీ కొన్నాడని ఇంటికి పోలీసులొస్తారేమోనని కంగారు పడక్కర్లేదండీ.

మీరు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఏ కార్డు నంబరు ఆ సైట్లో సేవ్ అయింది? 2020 అక్టోబరు తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి, రిజర్వు బ్యాంకు నియమం అది. పిల్లలు ఒకసారి ఆన్ చేయించుకుని అలాగే వదిలేస్తారు. బ్యాంకు యాప్‌లో ఒక్క నిమిషం పని, ఆపేయండి. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగకుండానే డబ్బు పోతుంది.

మరి సక్రమంగానే చవగ్గా ఆడాలంటే?

స్టీమ్‌లో గేమ్‌ని విష్‌లిస్ట్‌లో పెట్టి ఆగండి. వేసవి సేల్ జూన్ చివర్లో, శీతాకాలం సేల్ డిసెంబరు చివర్లో, మధ్యలో ఇంకా రెండు వస్తాయి. ధర తగ్గిన రోజు మెయిల్ వస్తుంది. రెండు మూడేళ్ల పాత పెద్ద గేములు అప్పుడు సగానికి, ఇంకా కిందికి దిగుతాయి, చాలాసార్లు గ్రే ధరకు సమానంగానో తక్కువగానో. 'ఈజ్ దేర్ ఎనీ డీల్' అనే సైటు ఉంది, ఆథరైజ్డ్ దుకాణాల ధరలే పోల్చి చూపిస్తుంది, ఒక గేమ్ ఎప్పుడు ఎంత తక్కువకు వచ్చిందో కూడా చెబుతుంది. దేశం ఇండియా అని పెట్టుకోవడం మరవొద్దు. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఉచిత గేములు ఇస్తూనే ఉంది, 2020 మేలో జీటీఏ 5 కూడా ఇచ్చేసింది. వారానికోసారి తెరిచి తీసుకుంటే ఏడాదిలో ఆడలేనన్ని పోగవుతాయి.

అన్నదమ్ములున్న ఇంట్లో స్టీమ్ ఫ్యామిలీస్ వాడండి. ఆరుగురి దాకా ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ల కోసం పెట్టినది, హాస్టల్ గ్యాంగ్‌ని చేర్చుకోవద్దు. మీ గేమ్‌లో ఇంకొకడు చీట్ చేసి దొరికితే మీకూ నిషేధం పడుతుంది.

ఇన్‌స్టాలో డబ్బు పంపాను, బ్లాక్ చేశాడు.

వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. యూటీఆర్ నంబరు (డబ్బు పంపినప్పుడు వచ్చే లావాదేవీ నంబరు), చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ పేజీ పేరు దగ్గర పెట్టుకోండి. 150 రూపాయలకు ఎవరు ఫిర్యాదు చేస్తారులే అని అందరూ వదిలేయడం మీదే వాడి వ్యాపారం నిలబడింది. 'రీఫండ్ ఇస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్' అంటే అది రెండో దెబ్బ. డబ్బు రావడానికి ఎవరూ పిన్ కొట్టక్కర్లేదు.

సైటు మనదేశానిదే అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. విదేశీ సైటుతో కార్డు గొడవ అయితే బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టొచ్చు. అట్లా పెడితే ఆ సైటు మీ అకౌంట్‌ని మూసేసే అవకాశం ఉంది, అందులో వాలెట్ డబ్బుంటే ముందే వాడేసుకోండి.

విండోస్ కీ కూడా ఆ సైట్లలో మూడు నాలుగు వందలకే ఉంది కదా?

ఉంది. ఎక్కువగా కంపెనీలకు, కాలేజీలకు గుత్తగా ఇచ్చిన లైసెన్సుల నుంచో, పాత మెషీన్ల నుంచో తీసినవి. ఈరోజు యాక్టివేట్ అవుతుంది, మదర్‌బోర్డు మారిస్తే కాకపోవచ్చు. మేం బిల్లులో వేసేది మాత్రం అసలు ధరదే. వద్దంటే యాక్టివేట్ చేయకుండానే ఇస్తాం, మూలన ఒక నీటిగుర్తు కనిపిస్తుంది, వాల్‌పేపర్ మార్చుకోలేరు. గేములు మాత్రం ఆడుకోవచ్చు.